టికెట్ కొని దిగే పాతాళం

పాతాళానికి పోవాలంటే మన కథల్లో నానా తంటాలు పడాలి. బిలం వెతకాలి, మాంత్రికుడి వెంట నడవాలి, దారిలో ఎదురైనవాటితో కుస్తీ పట్టాలి. హాలండ్‌లో ఈ బాదరబందీ లేదు. అక్కడి పాతాళానికి రైల్వే స్టేషన్ నుంచి బస్సులుంటాయి. సామాన్లు దాచుకోడానికి లాకర్లుంటాయి. గుడారం వేసుకునే ఓపిక లేనివాళ్లకు ముందే వేసిపెట్టిన గుడారాలు కాస్త ఎక్కువ ధరకు దొరుకుతాయి. నెలల ముందు నుంచే టికెట్ల ప్రకటనలు మొదలవుతాయి. తీరా దిగి చూస్తే పాతాళంలో వేలాది జనం. దీన్ని వాళ్లు ముద్దుగా ‘అండర్‌గ్రౌండ్’ అంటారు.

నేను చెబుతున్నది హార్డ్ డాన్స్ సంగీతం సంగతి. గ్యాబర్, హార్డ్‌కోర్, హార్డ్‌స్టైల్, రాస్టైల్, అప్‌టెంపో, ఫ్రెంచ్‌కోర్, టెర్రర్, స్పీడ్‌కోర్ అని దీనిదో పెద్ద ఉమ్మడి కుటుంబం. ఆ కుటుంబంలో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. మామూలు డాన్స్ పాటలో నిమిషానికి 120, 130 దెబ్బలు పడితే ఇక్కడ హార్డ్‌స్టైల్ 150 దగ్గర మొదలవుతుంది. హార్డ్‌కోర్ 170, 180 దాటి పోతుంది. ఆ దెబ్బ డప్పు మీద పడ్డట్టు ఉండదు, ఇనప షట్టర్‌ను లారీ గుద్దినట్టు ఉంటుంది. దాన్ని ‘కిక్’ అంటారు. ఈ సంగీతంలో రాగమూ అదే, తాళమూ అదే, చాలాసార్లు సాహిత్యమూ అదే.

ముందే చెప్పేస్తున్నాను, ఆ మోత మీద నాకు కోపం లేదు. ఇంకా మాట్లాడితే ఇష్టం. కోపమల్లా ఆ మోత వెనక వారం వారం ఊరేగే వార్తల మీద. ఆ వార్తలు చదవడం నాకు అలవాటుగా మొదలై దురలవాటుగా మిగిలింది. ఎన్ని చదివినా ఒకటే చదివినట్టుంటుంది. నమూనాకి నేనే ఒకటి కూర్చి పెడతాను, పేరు మీకు నచ్చింది వేసుకోండి.

‘‘చీకటి మళ్లీ లేచింది. అండర్‌గ్రౌండ్ గుండెల్లోంచి ఫలానా డీజే, ఇంతవరకూ ఎవరూ వినని కర్కశత్వంతో వస్తున్నాడు. రాజీ లేదు. కమర్షియల్ పోకడలు లేవు. నిజమైన యోధులకు మాత్రమే. టీషర్టులు పరిమిత సంఖ్యలో. ప్రీ ఆర్డర్ మొదలైంది.’’

ఇందులో అబద్ధం లేని వాక్యం చివరిదొక్కటే.

‘ఇంతవరకూ ఎవరూ వినని’ అన్నారు కదా, ఆ ట్రాక్‌ను సదరు డీజే నెలల తరబడి ప్రతి వేదిక మీదా వాయిస్తూనే ఉంటాడు. జనం ఫోన్లలో పట్టుకుంటారు. పేరు తెలియని ఆ ట్రాక్‌ను జాబితాల్లో ‘ఐడీ’ అని రాసుకుంటారు. ఆ ఐడీ పేరేమిటని వాదులాడుకుంటారు. చివరికి విడుదలైన రోజున అది అందరికీ నోటికొచ్చిన పాటే, అంటే నోటితో అనగలిగినంత మేరకు. ‘రాజీ లేదు’ అన్నారు కదా, ఆరు నిమిషాల అసలు ట్రాక్ పక్కనే మూడు నిమిషాల పొట్టి ట్రాక్ కూడా బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ‘యోధులు’ అన్నారు కదా, వాళ్లు శని ఆదివారాల యోధులు. ఈ మాట నాది కాదు, ఆ ఉత్సవాల్లో వాళ్లను పిలిచేదే ‘వీకెండ్ వారియర్స్’ అని. సోమవారం ఉదయం ఆ సైన్యమంతా ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందుంటుంది.

ఇక ‘కర్కశత్వం’. ప్రతి ఏడూ నిరుటికన్నా కర్కశంగా ఉంటుందని ప్రకటిస్తారు. హాలండ్‌లో సంగీత నిర్వాహకులు ప్రభుత్వ ఆరోగ్య శాఖతో కలిసి చెవుల రక్షణ కోసం ఒక ఒప్పందం రాసుకున్నారు. దాని ప్రకారం పావుగంట సగటు తీస్తే మోత 103 డెసిబెల్స్ దాటకూడదు. నరకద్వారాలు బద్దలు కొడతామన్న డీజే పక్కన మీటరు పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. సగటు పెరిగితే తగ్గించమంటాడు. నరకం తగ్గుతుంది. గేటు దగ్గర చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్గులు కూడా అమ్ముతారు. చెవులు బాగుండాలని కోరుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. కాకపోతే ‘ఆరోగ్య శాఖ నిబంధనలకు లోబడి అత్యంత కర్కశంగా’ అని పోస్టర్ మీద పూర్తి వాక్యం రాస్తే బాగుంటుందని నా సూచన.

ఇందులో ఒక్క విషయంలో మాత్రం వాళ్ల మాట అక్షరాలా నిజం. హార్డ్‌స్టైల్‌కు కాశీ లాంటి డెఫ్‌కాన్ వన్ ఉత్సవం 2003లో మొదలై, 2011 నుంచి బిడింగ్‌హైజెన్ అనే ఊరి దగ్గర జరుగుతోంది. ఆ ఊరు ఫ్లేవోలాండ్‌లో ఉంది. ఆ ఊరి చుట్టుపక్కలంతా గత శతాబ్దపు యాభైల దాకా నీళ్ల కింద ఉండేది. గట్లు కట్టి, నీళ్లు తోడిపోసి, 1957లో నేల తేల్చారు. ఇప్పటికీ అది సముద్రమట్టానికి కొన్ని మీటర్ల దిగువనే ఉంటుంది. కాబట్టి అక్కడ నిలబడి ‘మేం కిందివాళ్లం’ అంటే భూగోళశాస్త్రం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది అర్థశాస్త్రం.

ఆ సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఏ పండగ వార్తలోనూ ఇది రాదు.

గ్యాబర్‌కు పెద్దదిక్కు థండర్‌డోమ్ అనే వేడుక. దాన్ని మొదలుపెట్టింది ఐడీ అండ్ టీ అనే కంపెనీ. ముగ్గురు కుర్రాళ్లు కలిసి తమ పేర్లలోని మొదటి అక్షరాలతో పెట్టుకున్న పేరది. 1992 అక్టోబర్‌లో హేరెన్‌వేన్‌లోని థియాల్ఫ్ అనే మంచు స్కేటింగ్ స్టేడియంలో మొదటి థండర్‌డోమ్ జరిగింది. అండర్‌గ్రౌండ్ పుట్టిందే స్టేడియంలో అన్నమాట. మరుసటేడు నుంచి థండర్‌డోమ్ సీడీలొచ్చాయి, వాటికి టీవీలో ప్రకటనలొచ్చాయి. సరే, కుర్రాళ్లు, సంపాదించుకున్నారు, సంతోషం. అదే కంపెనీ తర్వాత హార్డ్‌స్టైల్ వేడుకలు నడిపే క్యూ-డాన్స్‌నూ కలుపుకుంది. 2013లో అమెరికాలో ఎస్ఎఫ్ఎక్స్ అనే సంస్థ ఐడీ అండ్ టీలో ముప్పావు వాటా కొంది. డాన్స్ సంగీతమంతా ఒక్క గంపలో పెట్టుకుని స్టాక్ మార్కెట్లో అమ్ముకుందామని దాని ఆలోచన. 2016 వచ్చేసరికి ఎస్ఎఫ్ఎక్స్ దివాలా పిటిషన్ పెట్టింది. 2021లో ఐడీ అండ్ టీ సూపర్‌స్ట్రక్ట్ అనే మరో ఉత్సవాల కంపెనీ చేతికెళ్లింది. 2024లో ఆ సూపర్‌స్ట్రక్ట్‌ను కేకేఆర్ కొనేసింది.

కేకేఆర్ అంటే కోల్‌కతా క్రికెట్ జట్టు కాదు. న్యూయార్క్‌లోని ప్రైవేట్ ఈక్విటీ సంస్థ. 1980ల చివర్లో బిస్కెట్లు, సిగరెట్లు చేసే ఆర్‌జేఆర్ నబిస్కోను కొని ప్రపంచ వ్యాపార చరిత్రలో పేరు రాసుకున్న సంస్థ. మనకూ బొత్తిగా కొత్తది కాదు. 2020లో మన జియో ప్లాట్‌ఫామ్స్‌లో 11,367 కోట్ల రూపాయలు పెట్టింది. అంటే గుంటూరులో జియో సిమ్ వేసుకుని రీల్స్ చూసుకునే పిల్లవాడికీ, రాటర్‌డామ్‌లో గుండు గీయించుకుని గంతులేసే పిల్లవాడికీ ఒకే చుట్టం ఉన్నాడు. ఆ చుట్టం మాన్‌హటన్‌లో బహుశా చాలా నిశ్శబ్దంగా ఉండే గదిలో కూర్చుని లెక్కలు చూసుకుంటాడు.

ఈ కొనుగోలు మీద అలజడి రాలేదని కాదు. 2025లో సూపర్‌స్ట్రక్ట్ కింద ఉన్న కొన్ని ఉత్సవాల నుంచి, కేకేఆర్ పెట్టుబడులు నచ్చని కళాకారులు తప్పుకున్నారు. తప్పుకున్నవాళ్లకు దండం. మిగిలినవాళ్లు అదే వారం ‘వ్యవస్థకు తల వంచం’ అనే కొత్త ట్రాక్ విడుదల చేశారని నేననను. అలాంటి పేరున్న ట్రాకులు ఏ వారం విడుదల కావు గనక!

డబ్బు చేసుకోవడం నేరమని నా అభిప్రాయం కాదు. స్పీకర్లు ఊరికే రావు, కరెంటు ఊరికే రాదు, రాత్రంతా నిలబడే నర్సుకూ కాపలావాడికీ జీతమివ్వాలి. నా గొడవల్లా ఒక్కటే. దుకాణం తెరుచుకుని, బోర్డు కట్టి, బిల్లు పుస్తకం పెట్టుకుని కూర్చున్నవాడు ‘ఇక్కడ అమ్మకాలు లేవు, కేవలం తిరుగుబాటు’ అంటాడే, అది. మన ఊళ్లలో ఊరేగింపులకు డీసీఎం వ్యాన్ మీద బాక్సులు పేర్చే డీజే తాను పాతాళం నుంచి వచ్చానని ఎన్నడూ చెప్పుకోలేదు. వ్యాన్ మీద ఫోన్ నంబర్ పెద్దక్షరాల్లో రాసుకుంటాడు, అడ్వాన్సు అడుగుతాడు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నప్పుడు ఆయన తన కడుపు మీద కొట్టారన్నాడు, కళ మీద కాదు. నిజాయితీ అంటే అది.

ఇంతకీ ఈ గంభీరమైన మొహాలు మొదట్నుంచీ ఉన్నవేనా? అక్కడే అసలు తమాషా. ఈ సంగీతం పుట్టింది వేళాకోళం కోసం.

1990ల మొదట్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో హౌస్ సంగీతం నాగరికుల వ్యవహారం. రాక్సీ లాంటి క్లబ్బుల్లో మంచి బట్టలు, మంచి మర్యాదలు, గుమ్మం దగ్గరే ఎగాదిగా చూపులు. రాటర్‌డామ్ ఓడరేవు ఊరు. 1940 మేలో జర్మన్ బాంబులకు నడిబొడ్డు నేలమట్టమై, మళ్లీ కాంక్రీటుతో లేచిన ఊరు. ఫుట్‌బాల్ దగ్గర్నుంచి ప్రతిదాంట్లోనూ ఆమ్‌స్టర్‌డామ్ అంటే ఒళ్లు మంట. అక్కడ పార్క్‌జిఖ్ట్ అనే క్లబ్బులో డీజే రాబ్ అనే ఆయన రికార్డులను మరింత వేగంగా, మరింత మోటుగా వాయించడం మొదలుపెట్టాడు. జపాన్ రోలాండ్ కంపెనీ టీఆర్-909 అనే డ్రమ్ యంత్రం అప్పటికే చాలాకాలం కిందట అమ్ముడుపోక ఆగిపోయింది. దాని కిక్‌ను మిక్సర్‌లో పగిలిపోయేదాకా పెంచితే ఒక కొత్త చప్పుడు పుట్టింది. అదే కంపెనీ ఆల్ఫా జూనో కీబోర్డులోంచి వచ్చే ఒక కూతకు అచ్చం ఇల్లు ఊడ్చే యంత్రంలా ఉందని ‘హూవర్’ అని పేరు పెట్టారు. రాటర్‌డామ్ బృందం హ్యూమన్ రిసోర్స్ 1991లో ‘డామినేటర్’ చేసింది ఆ కూతతోనే. ఆ బృందం పేరు చూడండి, మానవ వనరుల శాఖ!

1992లో పాల్ ఎల్‌స్టాక్ రాటర్‌డామ్ రికార్డ్స్ అనే లేబుల్ పెట్టాడు. దాని మొదటి రికార్డు యూరోమాస్టర్స్ బృందానిది. ‘ఆమ్‌స్టర్‌డామా? అదెక్కడుంది?’ అని వెక్కిరించడమే దాని పేరు, దాని విషయం, దాని తత్వం. అదే ఏడాది రాటర్‌డామ్ టెర్మినేషన్ సోర్స్ అనే భయంకరమైన పేరున్న ఇద్దరు కుర్రాళ్లు ‘పోయింగ్’ అనే ట్రాక్ చేశారు. అందులో ఉన్నదల్లా కిక్కూ, మధ్య మధ్య ‘పోయింగ్’ అని ఎగిరే స్ప్రింగు చప్పుడూ. డచ్ హిట్ పాటల పట్టికలో అది పైమెట్ల దాకా పోయింది. దాని వెనక తత్వం లేదు, ప్రవచనం లేదు, చీకటి లోకం లేదు. స్ప్రింగు ఉంది.

వేషం కూడా అంతే. రేవు కార్మికుల పిల్లలు వేసుకున్నది ఇటలీలో తయారైన టెన్నిస్ ట్రాక్‌సూట్. దాని బ్రాండ్ పేరు ఆస్ట్రేలియన్, బొమ్మ కంగారూ. కాళ్లకు నైకీ ఎయిర్ మ్యాక్స్. నున్నటి గుండు. ‘హాకెన్’ అనే గంతు. ఇటాలియన్ ఆస్ట్రేలియన్ బట్టల్లో, అమెరికా బూట్లతో, జపాన్ యంత్రం మోతకు డచ్చివాడు గంతులేస్తూ ‘మాది స్థానికం’ అంటుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. అప్పుడు వాళ్లకూ వచ్చేది.

ఎప్పుడు పోయింది ఆ నవ్వు? నా లెక్కలో 1995, 1997 మధ్య. ఎల్‌స్టాక్ 1995లో ‘లవ్ యూ మోర్’, ‘రెయిన్‌బో ఇన్ ద స్కై’ అనే హ్యాపీ హార్డ్‌కోర్ పాటలు చేశాడు. కిక్ మీద ఒక తియ్యటి ఆడగొంతు, అంతే తేడా. పాటలు పెద్ద హిట్టయ్యాయి, పాత అభిమానులు ద్రోహి అన్నారు. ఆ తర్వాత హాకూబార్ అనే బృందం ‘గాబర్చే’ అని ఒక పేరడీ వదిలింది. థండర్‌డోమ్ టీషర్టులు అమ్మే విభాగంలో పనిచేసిన ఒకాయన గ్యాబర్ పీట్ పేరుతో ‘హాకె అండ్ జాగె’ అనే గంతుల పాట పాడాడు. అదీ హిట్టే, ఆయన ఉద్యోగం కూడా ఫట్టే. తమ మీద తామే జోకులేసుకుని పుట్టిన సంగీతం, పక్కవాడు అదే జోకు వేసేసరికి మూతి ముడుచుకుంది. ఆనాడు ముడుచుకున్న మూతి పోస్టర్ల మీద ఇవాళ్టికీ అలాగే ఉంది. కావాలంటే చూడండి, పుర్రెలు, గొలుసులు, మంటలు, మధ్యలో ముసుగులు. హాకీ గోలీ ముసుగూ, తలమీదికి లాక్కున్న హుడీ లేకుండా యాంగర్‌ఫిస్ట్ వేదికెక్కడు. మొహం చూపించని ఆ మనిషి పేరు మాత్రం డీజే మ్యాగ్ పత్రిక వేసే వంద మంది జాబితాలో ఏటేటా కనిపిస్తుంది. ఆయన ట్రాకులు బాగుంటాయి, అది వేరే సంగతి.

ద్రోహం పద్దు మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది. హెడ్‌హంటర్జ్ హార్డ్‌స్టైల్‌లో పెద్ద పేరు. పదేళ్ల కిందట మెత్తటి డాన్స్ సంగీతం వైపు పోతానన్నాడు. తిట్టారు. కొన్నేళ్లకు తిరిగొచ్చాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 1995లో ద్రోహి అయిన ఎల్‌స్టాక్ ఇప్పుడు పితామహుడు. 2024 యూరోవిజన్ పాటల పోటీకి హాలండ్ తరఫున వెళ్లిన యోస్ట్ క్లైన్ పాట ‘యూరోపాపా’ తయారీలో ఆయన చెయ్యి ఉంది. పాట చివర గ్యాబర్ మోత ఉంది. యూరప్ మొత్తం ఇళ్లలో కూర్చుని చూసే టీవీ కార్యక్రమం అది. అంతకన్నా నేల పైన ఉండే వేదిక ఇంకోటి లేదు. అండర్‌గ్రౌండ్ మొత్తం ఛాతీ విరుచుకుని ‘మాదే’ అంది. ఫైనల్‌కు ముందు తెర వెనక ఏదో గొడవ జరిగి క్లైన్‌ను పోటీ నుంచి తప్పించారు. ఆ దెబ్బతో అండర్‌గ్రౌండ్‌కు ఒక అమరుడు కూడా దొరికాడు.

వీడ్కోళ్ల సంగతి చెప్పకపోతే అన్యాయం. థండర్‌డోమ్ 2012లో ఇరవయ్యేళ్ల పండగ చేసి ఇదే ఆఖరుదంది. జనం చివరి చూపు చూసుకున్నారు. 2017లో పాతికేళ్ల పండగకు ఉట్రెక్ట్‌లో తిరిగి లేచింది. తర్వాత 2019లో, ఆ తర్వాత ముప్పయ్యేళ్లకు 2022లో. మన సినిమా గాయకులూ రాజకీయ నాయకులూ రిటైర్మెంటు ప్రకటనల విషయంలో ఇంకా చాలా నేర్చుకోవాలి.

ఇప్పుడు వేగం. వార్తల్లో రెండో బడాయి ఇదే. నిమిషానికి ఎన్ని దెబ్బలు అన్నది ఇక్కడ పౌరుషానికి కొలత. గ్యాబర్ 160, 180 అంటే టెర్రర్‌కోర్ 200 దాటింది. స్పీడ్‌కోర్ 300 అంది. అదీ చాలక వెయ్యి దాటినవాళ్లున్నారు, ఆ శాఖ పేరు ఎక్స్‌ట్రాటోన్. నిజానికి ఈ పందెం ఎప్పుడో అయిపోయింది. 1993లో అమెరికన్ సంగీతకారుడు మోబీ ‘థౌజండ్’ అనే ట్రాక్‌లో వేగాన్ని వెయ్యి దాటించి గిన్నిస్ పుస్తకంలోకెక్కాడు. మోబీ మెత్తటి మనిషి, మాంసం ముట్టడు, తర్వాత జోలపాటల్లాంటి ఆల్బమ్‌తో కోట్లు సంపాదించాడు. కర్కశ యోధుల ప్రపంచ రికార్డును మూడు దశాబ్దాల కిందటే ఆయన కొట్టుకుపోయాడు.

అసలు ఈ పందేనికి చెవి దగ్గర ఒక గోడ ఉంది. సెకనుకు ఇరవై దెబ్బల దాకా మన చెవి వాటిని విడివిడిగా పట్టుకోగలదు. ఆ పైన అవి కలిసిపోయి ఒక బొంగురు స్వరంగా వినిపిస్తాయి. సెకనుకు ఇరవై అంటే నిమిషానికి 1,200. అంటే లోకంలోకెల్లా వేగమైన, క్రూరమైన, రాజీలేని ట్రాక్ చేద్దామని ఒకడు పట్టుదలగా వేగం పెంచుకుంటూ పోతే, చివరికి వాడి చేతిలో మిగిలేది కదలకుండా ఒక్కచోట నిలబడ్డ శ్రుతి. హార్మోనియం పెట్టెలో ఒక మెట్టు నొక్కిపెట్టి ఉంచితే వచ్చేది అదే. తంబూరా వేసేవాళ్లు వందల ఏళ్లుగా చేస్తున్నదీ అదే. వాళ్లు ముసుగులేసుకోరు.

ఈ వేగం పెరుగుతూ పోయిందా అంటే అదీ లేదు. రెండు వేల సంవత్సరం తర్వాత హార్డ్‌కోర్ కొన్నేళ్లు నెమ్మదించి 160, 170 మధ్య బరువుగా నడిచింది. వార్తలప్పుడు ‘నెమ్మదే అసలైన కర్కశత్వం’ అన్నాయి. తర్వాత అప్‌టెంపో వచ్చి మళ్లీ 200 అంది. ‘వేగమే అసలైన కర్కశత్వం’ అన్నాయి. రెండుసార్లూ అదే కంఠం, అదే ఆశ్చర్యార్థకం.

కొత్త సంగీతం అన్నారు గనక దాని గురించీ ఒక మాట. ఈ రంగంలో నిజంగా పనిచేసేవాళ్లు కిక్ ఒక్కదాని మీదే వారాలు గడుపుతారు. మొదటి చప్పుడు ఒకటి, దాని తోక ఒకటి, ఆ తోకను స్వరానికి కట్టి, వక్రీకరించి, వడకట్టి, మళ్లీ వక్రీకరిస్తారు. అది కష్టమైన పని, గౌరవించదగ్గ పని. ఆ కష్టం గురించి వార్తలో ఒక్క ముక్క ఉండదు. కిక్ ఎలా చేశావని అడిగేవాడు లేడు. దాని బదులు ప్రతి ట్రాక్ మొదట్లో ఒక బొంగురు గొంతు లోకాంతం గురించి ప్రకటన చదువుతుంది. లోకం ఈ సంగీతంలో వారానికి సుమారు నలభైసార్లు అంతమవుతుంది (ఇది నా అంచనా, ఎవరూ పరిశోధన చేయలేదు). తర్వాత వయొలిన్లు. తర్వాత మూడు, రెండు, ఒకటి. తర్వాత కిక్. ప్రతి పెద్ద ఉత్సవానికీ ఏటా ఒక అధికారిక గీతం కూడా ఉంటుంది. అధికారిక గీతం ఉన్న తిరుగుబాటును నేను ఇంకెక్కడా చూడలేదు, అధికారంలోకొచ్చిన పార్టీల్లో తప్ప.

పోనీ, నిజమైన అండర్‌గ్రౌండ్ ఎన్నడూ లేదా? ఎందుకు లేదు! 1992 మేలో ఇంగ్లండ్‌లో కాసిల్‌మార్టన్ అనే పల్లె మైదానంలో టికెట్ లేకుండా, అనుమతి లేకుండా వేలమంది వారం పాటు ఆడారు. చోటు ఎక్కడో పోస్టర్ మీద లేదు. ఒక ఫోన్ నంబరుకు చేస్తే టేపు చెప్పింది. స్పైరల్ ట్రైబ్ అనే గుంపులో పదముగ్గుర్ని పోలీసులు పట్టుకుని కేసు పెట్టారు. చాలాకాలం నడిచిన విచారణ తర్వాత అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ గొడవ తర్వాత 1994లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాత్రిపూట ఆరుబయట వందమంది చేరి, ఒకే రకం దెబ్బలు పదే పదే పడే సంగీతం పెట్టుకుంటే పోలీసులు చెదరగొట్టొచ్చంది. 2003లో ఆ వందను ఇరవై చేశారు. ఒక దేశం దరువుకు నిర్వచనం రాసి మరీ చట్టం చేయడమంటే ఆ దరువుకు అంతకన్నా మర్యాద ఉండదు. 2020 డిసెంబర్ 31 రాత్రి ఫ్రాన్స్‌లో లియురాన్ అనే ఊరి దగ్గర ఖాళీ గోదాముల్లో సుమారు 2,500 మంది చేరి కొత్త సంవత్సరంలోకి ఆడుకుంటూ వెళ్లారు. కరోనా రోజులు. అది చేయాల్సిన పని కాదని నా గట్టి అభిప్రాయం. కానీ దానికి ప్రీ ఆర్డర్ లేదు, ముందే వేసిన గుడారాల ప్యాకేజీ లేదు, ఏడాది తర్వాత స్లో మోషన్‌లో జనం ఏడుస్తూ కనిపించే ఆఫ్టర్‌మూవీ లేదు. ఉన్నది పోలీసు కేసు.

కాబట్టి వార్తలు రాసే మిత్రులకు నా విన్నపం చిన్నది. ‘అండర్‌గ్రౌండ్’ అన్న మాట వేసే ముందు, ఆ వేడుక యజమాని పేరు కూడా అదే సైజు అక్షరాల్లో వేయండి. ‘ఎన్నడూ వినని’ అనే ముందు ఒకసారి విని చూడండి. కిక్ బాగుంటే బాగుందని, ఎందుకు బాగుందో రెండు వాక్యాల్లో చెప్పండి. లోకాంతం సంగతి మాకు వదిలేయండి.

ఇక పాఠకులకు. ఇంత చదివాక ఈ సంగీతం ఎలా ఉంటుందో వినాలనిపిస్తే ఈ వారం విడుదలలతో మొదలుపెట్టకండి. 1992 నాటి ‘పోయింగ్’ పెట్టుకోండి. పక్క ఫ్లాట్‌వాళ్లకు ముందే ఒక మాట చెప్పండి.